కాడను అడిగిన మనిషి

మా అత్తయ్య పోయారు. ఈ చలికాలం మొదట్లో, ఓ గురువారం పొద్దున నేను నోయిడా ఆఫీసులో మీటింగులో ఉండగా మా ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ వేళప్పుడు ఆయన ఎప్పుడూ చెయ్యరు. బయటికొచ్చి ఎత్తితే, "అమ్మ లేదు," అన్నారు. టిఫిన్ తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషిని, పనమ్మాయి టీ ఇద్దామని లేపితే లేవలేదట. కొత్తగా వచ్చిన మెట్రో ఎక్కి నేను మయూర్ విహార్ చేరేసరికి మా గుమ్మం ముందంతా చెప్పులు.

ఆ పొద్దున నేను బయల్దేరుతుంటే ఆవిడ వంటింట్లోంచి కేకేశారు. "అమ్మాయీ, చిక్కుడుకాయలు ముదురువి తెచ్చేవు. ఈనెలు సరిగ్గా తియ్యమని దానికి చెప్పు." ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే. పెద్దవాళ్ళు వెళ్ళేముందు ఏవో గొప్ప మాటలు చెబుతారంటారు. మా అత్తయ్య చిక్కుడుకాయ ఈనెల గురించి చెప్పారు. ఆలోచిస్తే అది ఆవిడకి తగ్గ మాటే.

చర్చిలో ఆవిడ గురించి చదివిన నాలుగు మాటల్లో, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారనీ, భర్త చిన్న వయసులోనే పోతే ఒక్కగానొక్క కొడుకుని కష్టపడి పెంచారనీ, ప్రార్థనాపరురాలనీ ఉంది. అన్నీ నిజమే. కానీ ఆవిడ చేసిన ఉద్యోగం ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మొహమాటపడ్డారని నా అనుమానం. అందుకే ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. నాకు మొహమాటం తక్కువని అత్తయ్యే అనేవారు.

ఆవిడ కెమిస్టు. యమున అవతల ఒక ల్యాబులో నారల్ని పరీక్ష చెయ్యడం ఆవిడ పని. జనపనార, గోగునార, అరటినార, ఏది వచ్చినా అందులో ఏ పదార్థం ఎంతుందో తేల్చి, ఇది తాడుకి పనికొస్తుంది, ఇది గోనెకి, ఇది బట్టకి అని రాసి సంతకం పెట్టేవారు. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఆవిడ బల్ల మీదికి భంగ్ మొక్క వచ్చింది. మన వైపు గంజాయి అంటామే, ఆ జాతే. ఢిల్లీలో ఏ మురిక్కాలవ గట్టున చూసినా, ఏ రోడ్డు పక్కన చూసినా పిచ్చిమొక్కలా పెరుగుతుంది. మేకలు కూడా పట్టించుకోవు. ఉత్తరాఖండ్ కొండల్లో మాత్రం దాని కాడల్ని నీళ్ళలో ఊరేసి, బెరడు ఒలిచి, ఆ నారతో తాళ్ళు పేనుకుంటారు, గోనెలు నేసుకుంటారు. దాంతో ఒంటి మీద వేసుకునే మంచి బట్ట కూడా నెయ్యొచ్చేమో అన్నది అప్పట్లో కొత్త ఆశ. ఆ ఆశ నిజమా కాదా అని తేల్చే పని మా అత్తయ్యది.

భంగ్ అనగానే అందరూ కన్ను గీటేవాళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండేది. "ఆకు గురించి అడిగేవోళ్ళే అందరూ. కాడని అడిగేది నేనొక్కదాన్నే," అనేవారు. ఆవిడది విజయనగరం వైపు, గోగు పండే ఊరు. మా ఇంట్లో గోంగూర పచ్చడి చేసినప్పుడల్లా ఈ మాట మళ్ళీ వచ్చేది. గోంగూర ఆకు లొట్టలేసుకుని తింటారు, ఆ కాడ ఏమైందని, ఆ నార ఎవరు తీశారని ఒక్కరూ అడగరు అని. మేం వింటూ తినేవాళ్ళం.

నేను కంప్యూటర్ల మనిషిని. నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతా ఆవిడ అన్నం తింటూ చెప్పిందే. ఓసారి ములక్కాడ పులుసులో ముక్క నమిలి, పిప్పి కంచం పక్కన పెట్టి చూపించారు. లేత ములక్కాడ అయితే పిప్పి పెద్దగా మిగలదు. ముదిరిందంటే పీచు పళ్ళకి అడ్డం పడుతుంది. ఆ ముదురుతనం ఇచ్చే పదార్థం పేరు లిగ్నిన్. కాడ నిటారుగా నిలబడాలంటే అది ఉండాలి. నారలో అదే ఎక్కువైతే దారం గరుగ్గా, పెళుసుగా వస్తుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. మెత్తటి దారానికి కావలసింది సెల్యులోజు. ఈ రెంటినీ, పోగుల్ని అంటిపెట్టుకుని ఉండే జిగురునీ ఒకదాన్నుంచి ఒకటి విడదీసి తూచడమే ఆవిడ పనంతా. "మనుషుల్లాగేనే అమ్మాయీ. కొంచెం ముదురుతనం ఉండాల. ఎక్కువైతే పక్కనోళ్ళకి గుచ్చుకుంటాది," అని నా వంక చూసి నవ్వారు. నా నోటి గురించేనని నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు, అందుకే తల దించుకుని పులుసు కలుపుకున్నారు.

ఆవిడకో పద్ధతుండేది. కాడ వస్తే దాన్ని మొత్తంగా పొడి కొట్టనిచ్చేవారు కాదు. మొదలు, నడుమ, కొస అని ముక్కలు చేసి, మొదలుకి ఎర్రదారం, నడుమకి పసుపుదారం, కొసకి ఆకుపచ్చ కట్టాల్సిందే. మొదలు ముదురు, కొస లేత; అన్నీ కలిపేస్తే వచ్చే లెక్క ఏ ముక్కదీ కాదు అనేవారు. ఇంట్లో కూడా అంతే. ఎవరి గురించైనా "వాడంతే" అని నేనంటే, ఏ వయసులో వాడు, మొదలా కొసా అని అడిగేవారు.

ల్యాబు వరండాలో ఆరబెడితే ఊడ్చేవాళ్ళు చెత్తనుకుని ఎత్తిపోస్తున్నారని, ఆ కట్టల్ని ఇంటికి తెచ్చి మా బాల్కనీలో నీడన వేలాడదీసేవారు. పెళ్ళయి కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాకు మొట్టమొదట కనిపించినవి అవే. బట్టల తీగకి తలకిందులుగా గంజాయి కాడలు, రంగురంగుల దారాలతో. మా అమ్మ చూసి ఉంటే ఆ పూటే నన్ను గుంటూరు రైలెక్కించేది.

హోలీకి భంగ్ తాగడం ఢిల్లీలో మామూలే. ఓ హోలీ ముందు కింది ఫ్లాటు అంకుల్‌జీ మెట్లెక్కి వచ్చి, ఇటూ అటూ చూసి, "మాతాజీ, థోడా సా మిలేగా?" అని, కొంచెం దొరుకుతుందా అని, గొంతు తగ్గించి అడిగారు. అత్తయ్య ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, ఎండిన కాడ ఒకటి చేతికిచ్చి, బెరడు ఎలా ఒలవాలో, లోపలి బెండు ఎలా విరిచి తియ్యాలో నేర్పించి, టీ తాగించి పంపారు. ఆకులన్నీ కొండల్లోనే దులిపేసి పంపుతారని తెలిసినప్పుడు ఆయన ముఖం చూసి తీరాలి. మళ్ళీ ఏ హోలీకీ మెట్లెక్కలేదు పాపం.

మెట్రో రాకముందు ఆవిడ చార్టర్డ్ బస్సులో ఆఫీసుకి వెళ్ళేవారు. ఒక దారిలో వెళ్ళే ఉద్యోగులంతా కలిసి నెలకింతని మాట్లాడుకునే బస్సు అది. ఎవరి సీటు వాళ్ళదే. చలికాలం వస్తే ఆ బస్సులో ఆడవాళ్ళందరి ఒళ్ళోనూ ఊలు ఉండలే. అత్తయ్యకి స్వెట్టర్ అల్లడం రాదు. బ్యాగులోంచి నార పోగు ఒకటి తీసి గోటితో చీలుస్తూ కూర్చునేవారట. చీలినకొద్దీ చీల్చి, ఇక చీలదనిపించాక కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, మళ్ళీ ఇంకోటి తీసేవారట. పక్క సీటు పంజాబీ ఆంటీ మొన్న పరామర్శకి వచ్చి ఇదంతా చెప్పి, "మా అందరి స్వెట్టర్లు పూర్తయ్యేవి, మీ అత్తగారి పని మాత్రం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు," అని కళ్ళు తుడుచుకుంది.

లాజ్‌పత్ నగర్‌లో ఆవిడతో చీరలు కొనడమంటే శిక్షే. ప్యూర్ కాటన్ అని కొట్టువాడు అనగానే అంచులోంచి ఓ పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి, వాసన చూసి, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపేవారు. నేను ఎవరో అన్నట్టు దూరంగా నిలబడేదాన్ని. అందులో పాలియెస్టర్ కలిసిందని తేలితే మాత్రం గట్టిగా అనేవారు కాదు. కౌంటరు మీదికి వంగి, కొట్టువాడికి ఒక్కడికే వినపడేలా చెప్పి లేచి వచ్చేవారు. నాలుగు దులిపెయ్యకుండా గుసగుసలేంటని నేను విసుక్కుంటే, వాడూ ఎవరి మాటో నమ్మి అమ్ముకుంటున్నాడు, అందరిముందూ ఎందుకే అనేవారు. నాకది మెత్తదనంలా కనిపించేది. మా ఇంట్లో మెత్తటి మనిషి ఆవిడేనని చాలాకాలం నమ్మాను.

ఆ నమ్మకం పోయిన సంగతే ఇప్పుడు చెప్పాలి.

కొండల్లో ఒక ఊరి ఆడవాళ్ళు సంఘంగా కూడి భంగ్ నార తీసి అమ్మాలనుకున్నారు. ఈ పక్క బట్టలు తయారుచేసే ఒక వ్యాపారి కొంటానన్నాడు, దారానికి పనికొస్తుందని ల్యాబు రిపోర్టు వస్తేనే అని షరతు పెట్టాడు. సంఘం నడిపే ఆవిడ నార కట్టలు వేసుకుని బస్సులో ఢిల్లీ వచ్చి ల్యాబులో ఇచ్చి వెళ్ళింది. నడివయసు మనిషి, మాట తక్కువ. మేమంతా ఆవిడని దీదీ అనేవాళ్ళం. అత్తయ్య పరీక్ష చేశారు. లిగ్నిన్ ఎక్కువ వచ్చింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఎక్కువే. దారానికి పనికిరాదు, తాళ్ళకీ గోనెలకీ సరిపోతుంది అని రాసి సంతకం పెట్టారు. వ్యాపారి వెనక్కి తగ్గాడు. ఒక ఊరి ఆడవాళ్ళు ఒక పంటకాలమంతా నడుములు విరిగేలా చేసిన చాకిరీ ఆ సంతకం దగ్గర ఆగిపోయింది.

దీదీ గొడవపడలేదు. మిగిలిన కట్టలు తీసుకుపోవడానికి వచ్చింది. అది సెలవు రోజు కావడంతో అత్తయ్య వాటిని ముందే ఇంటికి తెచ్చి ఉంచారు. దీదీకి అన్నం, పప్పు, వంకాయ కూర వండిపెట్టారు. తింటున్నంతసేపూ ఇద్దరూ రిపోర్టు మాట ఎత్తలేదు. వెళ్ళేముందు దీదీ ఒక చిన్న కట్ట ఉంచుకోమని అత్తయ్య చేతిలో పెట్టింది. నేనైతే ఆ పరిస్థితిలో ఆ కట్టతో ఆవిడ నెత్తిన మొత్తేదాన్ని.

ఆమె వెళ్ళాక అత్తయ్య ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని, బస్సులో చేసినట్టే పోగులు చీలుస్తూ సోఫాలో కూర్చున్నారు. ఆ రోజు ముదురు నీలం చీర కట్టుకున్నారు. నేను గదిలోకొచ్చి చూసి కసిరాను, సోఫా అంతా పిండి రాలుస్తున్నారేంటి అత్తయ్యా అని. ఆవిడ ఒళ్ళోకి చూసుకున్నారు. నీలం చీర మీద సన్నటి తెల్లపొడి. వేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద పెట్టుకున్నారు.

"పిండి కాదే. మట్టి," అన్నారు.

సాయంత్రం దాకా ఆ చీర దులపకుండా అలాగే తిరిగారు.

ఆవిడకి ఏం తట్టిందో నాకు తరవాత చెప్పారు. ల్యాబులో నార మరపట్టాక పొడిగా చేతికొస్తుంది, అందులో ఇంకో పొడి కలిసుంటే కంటికి ఆనదు. ఆ పొడిలోంచి మైనం, జిగురు తీసేసి, మిగిలినదాన్ని గట్టి ఆసిడ్‌లో వేస్తే సెల్యులోజు కూడా కరిగిపోతుంది. కరగని నల్లటి మడ్డినే లిగ్నిన్ అని తూస్తారు. ఆసిడ్‌లో మట్టి కూడా కరగదు. అందుకని ఆ మడ్డిని మూస అనే చిన్న పింగాణీ గిన్నెలో పెట్టి ఫర్నేసులో కాల్చాలి. లిగ్నిన్ కాలిపోతుంది, మట్టి ఉంటే మిగులుతుంది, ఆ బరువు తీసెయ్యాలి. అది అందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఆ ల్యాబుకి అన్నాళ్ళూ వచ్చిన నారలు శుభ్రమైనవి, కాలిస్తే మూసలో ఏమీ మిగిలేది కాదు. ఫర్నేసు వేడెక్కాలంటే పూటంతా పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. ఏమీ రానిదానికి ఎందుకని ఆ చివరి పని చెయ్యడం అందరూ ఎప్పుడో మానేశారు. అత్తయ్య కూడా మానేశారు.

సోమవారం వెళ్ళి కాల్చారు. మూస చల్లారాక చూస్తే అడుగున తెల్లగా కూర్చుని ఉంది.

ఆ ఊళ్ళో దుకాణానికి ఫోన్ చేసి దీదీని పిలిపించి అడిగారు. నారని బూడిదనీళ్ళలో ఉడకబెట్టాక, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా తెల్లమట్టి రుద్దుతామనీ, నేసేముందు ఉతికేస్తామనీ దీదీ చెప్పింది. అదేమీ రహస్యం కాదు. వాళ్ళకది మనం ఇడ్లీ రేకులకి నూనె రాసినంత మామూలు పని. ఆ రోజు ఇంటికొచ్చి అత్తయ్య చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"కాడని అన్నీ అడిగేను. ఆ నార తీసిన మనుషుల్ని ఒక్క మాట అడగలేదే," అన్నారు.

మట్టి బరువు తీసేసి చూస్తే ఆ నార మంచి నార. మెత్తటి దారానికి పనికొచ్చే నార.

ఆవిడ రిటైర్మెంటు అప్పటికి దగ్గరపడింది. తరవాత కూడా ల్యాబులో సలహాదారుగా ఉంచుకుంటామని డైరెక్టర్ మాటిచ్చి ఉన్నారు. ఆ మాట ఆవిడకి ప్రాణం. ఇంట్లో కూర్చునే మనిషి కాదు. డైరెక్టర్ చెడ్డాయన కూడా కాదు. సంగతి విని, సరే, కొత్త శాంపిల్ తెప్పించండి, కొత్త రిపోర్టు బాగా ఇద్దాం, పాతదాని జోలికి పోవద్దు అన్నారట. ఒక్క రిపోర్టు తప్పని ఒప్పుకుంటే ఇన్నేళ్ళ రిపోర్టులన్నిటినీ జనం అనుమానిస్తారని ఆయన భయం. మా ఆయన కూడా అదే మంచిదన్నారు. పని జరుగుతుంది కదమ్మా, నీకెందుకు గొడవ అన్నారు. నేనూ మనసులో అదే అనుకున్నాను.

అత్తయ్య కంచంలో చెయ్యి ఆపి మా ఇద్దరి వంకా చూశారు. "అలా ఇస్తే ఈసారి బాగా చేసేరు అని అర్థం వస్తాది. వాళ్ళు మొదటిసారే బాగా చేసేరు," అన్నారు. కొడుకు వైపు తిరిగి, "ఎదుటోడి తప్పయితే చెవిలో చెప్తాం. మన తప్పు అలా కుదరదురా," అన్నారు. చీరల కొట్లో కౌంటరు మీదికి వంగి గుసగుసలాడిన మనిషే ఈవిడ.

పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, వ్యాపారికీ, సంఘానికీ, పైవాళ్ళకీ పంపారు. ఇంగ్లీషులో రాశారు గానీ సారాంశం రెండే ముక్కలు. లోపం పరీక్షలో జరిగింది, చేసింది నేను. నారలో లోపం లేదు.

కథల్లో అయితే వ్యాపారి పరిగెత్తుకుంటూ రావాలి. రాలేదు. అప్పటికే ఇంకోచోట సరుకు మాట్లాడుకున్నాడు. ఆ తరవాతి సంవత్సరం ఇంకెవరో కొంత కొన్నారని, ఆ కాగితం చూపించాకే కొన్నారని దీదీ ఫోన్‌లో చెప్పింది. అత్తయ్య ఆ మాట మూడు పూటలా మాకు చెప్పి మురిసిపోయారు. సలహాదారు ఉద్యోగం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ల్యాబులో అందరూ మళ్ళీ ఫర్నేసు వెలిగించడం మొదలుపెట్టారట, కరెంటు పోయినప్పుడల్లా ఆవిణ్ణి తిట్టుకుంటూ.

రిటైరైన రోజు శాలువా, పూలగుత్తి, సమోసా. డైరెక్టర్ టూరులో ఉన్నారు. మేమిద్దరం వెళ్ళి ఆవిణ్ణి తీసుకుని, అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి లైన్లో నిలబడ్డాం. గోంగూర పచ్చడి వచ్చింది. ఆకు, కాడ అని మొదలుపెడతారని ఎదురుచూశాను. మొదలుపెట్టలేదు. అన్నం కలుపుతూ, "రేపట్నుంచి పొద్దున్నే ఎక్కడికెళ్ళాలే అమ్మాయీ?" అని అడిగారు. నిజంగానే అడిగారు, నేనేదో చెబుతానని చూశారు. నేను ఆవిడ కంచంలో ఇంకాస్త గోంగూర వేశాను.

కొన్నాళ్ళకి ఆ కొండ ఊరి వాళ్ళెవరో ఢిల్లీ వస్తూ ఒక సంచి తెచ్చి ఇచ్చారు. దీదీ పంపింది. అందులో రెండు తాళ్ళు, పొడుగ్గా, పెద్ద చుట్టలుగా చుట్టి. వాళ్ళు కొండవాలుల్లో గడ్డిమోపులు వీపున కట్టుకుని దిగేది అలాంటి తాళ్ళతోనే. తాడు తెగిందా, మోపుతోపాటు మనిషి కూడా పోతుంది. అందుకని సొంతానికి పేనుకునే తాడుకి ఏరిన నార వాడతారట. అత్తయ్య ఒక తాడు కొస విప్పి, పోగు లాగి, చీల్చి, వెలుతుర్లో పట్టుకుని చాలాసేపు చూశారు. అరచేతులకి అంటిన తెల్లమట్టి చూసుకుని నవ్వారు. "ఈసారి కనబడింది," అన్నారు.

ఆ తాళ్ళ గురించి మా ఇద్దరికీ పోట్లాటే. బాల్కనీలో బట్టలకి తీగ తుప్పుపట్టింది, వాటిలో ఒకటివ్వండి అన్నాను. ఇవ్వలేదు. బజార్లో నైలాన్ తాడు కొనుక్కో అన్నారు. ఎందుకు దాస్తున్నారు అంటే, "వాటికి బరువు పని చెప్పాల. నీ నైటీలు ఆరేస్తే వాటికి అవమానం," అన్నారు. బరువు పనేమిటో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ బీరువా అడుగున, ఆదివారం చీరల కింద, ఆ సంచి అలాగే ఉండిపోయింది.

శనివారం సమాధుల తోటకి బయల్దేరేముందు ఆవిడకి కట్టడానికి తెల్లచీర తియ్యబోతే ఆ సంచి నా చేతికి తగిలింది. ఆవిడ అనుకున్న బరువు పని ఇదో కాదో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేరు. నేనే నిర్ణయించి సంచి చంకన పెట్టుకున్నాను.

పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక, పెట్టె దించడానికి అక్కడ పనిచేసే మనుషులు నీలం నైలాన్ తాళ్ళు తెచ్చారు. నేను సంచిలోంచి ఇవి తీసి ఇచ్చాను. వాళ్ళలో పెద్దాయన ఒక తాడు చేతిలోకి తీసుకుని లాగి చూశాడు. "మేడమ్, పురానీ రస్సీ హై. టూట్ గయీ తో?" అన్నాడు. పాతవి, మధ్యలో తెగితే ఎవరు జవాబు చెప్తారని అతని బాధ. చర్చివాళ్ళంతా నా వంక చూశారు. ఇలాంటప్పుడు కోడలు నోరు మెదపకూడదనుకుంటారు కాబోలు. మా ఆయన మాత్రం వచ్చి ఒక తాడు కొస పట్టుకుని నిలబడ్డారు.

"నహీ టూటేగీ, భయ్యా," అన్నాను. "ఇస్ కీ రిపోర్ట్ హై." తెగదు, దీనికి రిపోర్టుందని. ఆ రిపోర్టు మీద ఎవరి సంతకం ఉందో చెప్పబోయి, పెట్టె వంక చూశాను.

రెండు తాళ్ళూ పెట్టె కిందినుంచి వేశారు. ఒక్కసారి బరువు పడగానే నార కిర్రుమంది. తాళ్ళు బిగుసుకుని, కదలకుండా, ఆవిణ్ణి నెమ్మదిగా కిందికి దించాయి. పెట్టె నేలకి ఆనాక, వాటిని పైకి లాగి చుట్టి, ఆ పెద్దాయన రెండు చేతులతో తెచ్చి నాకిచ్చాడు.

మట్టి వేసి, పూలు పెట్టి, అందరికీ చేతులు జోడించి ఇంటికి బయల్దేరాం. కారు మా ఆయనే నడిపారు. నిజాముద్దీన్ వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. కింద యమున గట్టున ఎండిపోయిన భంగ్ మొక్కలు, ఆకు రాలిపోయి కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. వెనక హారన్ కొట్టారు. ఆయన గేరు మార్చడానికి చెయ్యి తీసినప్పుడు చూశాను, నల్లటి స్టీరింగ్ మీద ఆయన వేళ్ళ అచ్చులు తెల్లగా పడి ఉన్నాయి.